పిండిపురుగులో జవాబు వెతికిన టీచరమ్మ

వరసగా ఇద్దరో ముగ్గురో ఆడపిల్లలు పుడితే తప్పు ఎవరిది? ఈ ప్రశ్నకి చాలా ఇళ్లల్లో జవాబు సిద్ధంగా ఉంటుంది. కోడలిది. మోసేది ఆమె కాబట్టి, కడుపున పడ్డది ఆడయినా మగయినా ఆమెదే పూచీ అన్న లెక్క. ఈ లెక్క మన దేశంలోనే పుట్టిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కొడుకు కోసం తపించి, పెద్ద భార్య కేథరిన్‌తో పెళ్లిని 1533లో రద్దు చేయించుకున్నాడు. రెండో భార్య ఆన్ బొలీన్‌కీ కూతురే పుట్టింది. 1536లో ఏవో నేరాలు మోపి ఆమె తల తీయించాడు. ఎవరికీ అక్కర్లేకుండా పుట్టిన ఆ పిల్లే తర్వాత మొదటి ఎలిజబెత్ రాణి అయి 44 ఏళ్లు ఇంగ్లండుని ఏలింది.

ఆ రాజుకి తెలియని సంగతి ఒకటుంది. పుట్టబోయేది ఆడో మగో తేలేది తల్లి అండం వల్ల కాదు, తండ్రి వీర్యకణం వల్ల. ఈ సంగతిని మైక్రోస్కోపులో కళ్లారా చూసి, లెక్కపెట్టి, కాగితం మీద పెట్టింది ఒక స్త్రీ. బడిలో పాఠాలు చెప్పుకుంటూ కూడబెట్టిన డబ్బుతో 35వ ఏట యూనివర్సిటీలో చేరి, 44వ ఏట ఈ మాట లోకానికి చెప్పి, 51 నిండకుండానే కన్నుమూసిన నెట్టీ మరియా స్టీవెన్స్ ఆమె.

వడ్రంగి ఇంటి పిల్ల

నెట్టీ 1861 జులై 7న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కేవెండిష్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి ఎఫ్రాయిమ్ స్టీవెన్స్ వడ్రంగం పని చేసేవాడు. తల్లి జూలియా, నెట్టీ బాగా చిన్నగా ఉన్నప్పుడే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని, కుటుంబాన్ని మాసచూసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫర్డ్‌కి తీసుకొచ్చాడు. నెట్టీ, చెల్లెలు ఎమ్మా అక్కడే పెరిగారు.

ఇద్దరూ చదువులో చురుకు. వెస్ట్‌ఫర్డ్ అకాడమీలో 1872 నుంచి 1883 దాకా చదువు పూర్తి చేసిన ఆడపిల్లలు ముగ్గురంటే ముగ్గురే. ఆ ముగ్గురిలో ఇద్దరు ఈ అక్కాచెల్లెళ్లే. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకి గౌరవంగా దొరికే ఉద్యోగం ఒక్కటే, టీచరు. 1880లో చదువు ముగించిన నెట్టీ కూడా అదే పనిలో చేరింది. న్యూహాంప్‌షైర్‌లోని లెబనాన్ అనే ఊళ్లో పిల్లలకి జంతుశాస్త్రం, శరీరశాస్త్రం, లెక్కలు, ఇంగ్లీషు, లాటిన్ అన్నీ తనే చెప్పేది.

తర్వాత వెస్ట్‌ఫీల్డ్‌లోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చేరి, నాలుగేళ్ల చదువుని రెండేళ్లలో పూర్తి చేసింది. మళ్లీ టీచరుగిరీ. కొన్నాళ్లు లైబ్రరీలో పని. ఇలా పదేళ్లకు పైగా గడిచిపోయాయి. పెళ్లి చేసుకోలేదు. జీతంలో మిగిల్చినదంతా దాచుకుంది. ఎందుకు దాచుకుంటోందో 1896లో అందరికీ అర్థమైంది. దేశానికి ఆ చివర, కాలిఫోర్నియాలో అప్పటికి అయిదేళ్ల క్రితమే తెరిచిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో నెట్టీ విద్యార్థినిగా చేరింది. అప్పట్లో అక్కడ చదువుకి ఫీజు లేదు. తోటి విద్యార్థుల్లో చాలామంది ఆమె పాఠం చెప్పిన పిల్లల వయసు వాళ్లే. ఆమెకి 35 ఏళ్లు.

మన దగ్గర ముప్పయి అయిదేళ్లొచ్చిన ఆడది మళ్లీ పుస్తకం పట్టుకుంటే ఇప్పుడిదంతా ఎందుకమ్మా అని నవ్వుతారు. నెట్టీని చూసి నవ్విన వాళ్లూ ఉండే ఉంటారు. ఆమె మాత్రం 1899లో బి.ఏ., 1900లో ఎం.ఏ. పూర్తి చేసింది. వేసవి సెలవుల్లో పసిఫిక్ గ్రోవ్‌లోని సముద్రతీర ప్రయోగశాలలో సూక్ష్మజీవులను చూస్తూ గడిపింది. మైక్రోస్కోపు మీద పట్టు చిక్కింది అక్కడే.

బ్రిన్‌మార్ కాలేజీలో

1900లోనే డాక్టరేటు కోసం పెన్సిల్వేనియాలోని బ్రిన్‌మార్ కాలేజీకి వెళ్లింది. అది ఆడవాళ్ల కాలేజీ. అయినా ఏదో పేరుకి నడిపే కాలేజీ కాదు. థామస్ హంట్ మోర్గాన్ లాంటి పెద్ద జీవశాస్త్రవేత్త అక్కడ పాఠాలు చెప్పేవాడు. నెట్టీ పనితనం చూసి కాలేజీ ఆమెకి విదేశీ స్కాలర్‌షిప్పు ఇచ్చింది. ఇటలీలో నేపుల్స్ సముద్ర జీవుల పరిశోధనాలయంలోనూ, జర్మనీలో వుర్జ్‌బర్గ్ నగరంలో థియోడర్ బొవేరీ అనే మేధావి దగ్గరా ఆమె పనిచేసింది. వంశలక్షణాలు మోసుకొచ్చేవి కణంలోని క్రోమోజోములే అయి ఉండాలని గట్టిగా నమ్మిన కొద్దిమందిలో బొవేరీ ఒకడు. 1903లో నెట్టీకి డాక్టరేటు వచ్చింది.

పట్టా వచ్చినా ఉద్యోగం నిలకడగా లేదు. పరిశోధనకి డబ్బు లేదు. 1902లో కొత్తగా పెట్టిన కార్నెగీ సంస్థకి అర్జీ పెట్టుకుంది. మోర్గాన్ ఆమెని గట్టిగా సిఫారసు చేశాడు. సాయం అందింది. ఆ డబ్బుతో ఆమె మొదలుపెట్టిన పని, ఆడా మగా ఎలా తేలుతుందో కనిపెట్టడం.

అప్పటిదాకా ఏమనుకున్నారు?

గ్రీకు పండితుడు అరిస్టాటిల్ కాలం నుంచీ దీని మీద ఊహలకి కరువు లేదు. దంపతుల శరీరంలో వేడి ఎక్కువుంటే మగబిడ్డ అని ఆయన అనుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చినా శాస్త్రవేత్తలు ఇంకా తిండి దగ్గరే ఉన్నారు. తల్లికి పుష్టికరమైన ఆహారం దొరికితే ఆడబిడ్డ, దొరకకపోతే మగబిడ్డ అని 1889లో గెడ్డెస్, థామ్సన్ అనే ఇద్దరు పెద్దలు పుస్తకమే రాశారు. ఏ ఊహ అయినా చివరికి తిరిగి తిరిగి తల్లి దగ్గరికే వచ్చి ఆగేది.

కొన్ని పురుగుల్లో మగవాటి కణాల్లో జత లేని ఒక వింత క్రోమోజోము ఉందని అప్పటికే కొందరు గమనించారు. మెక్‌క్లంగ్ అనే ఆయన 1902 ప్రాంతంలో దీనికీ మగతనానికీ సంబంధం ఉండవచ్చన్నాడు. కానీ దిక్కు తప్పాడు. ఆ క్రోమోజోము ఉన్న వీర్యకణం వల్ల మగది పుడుతుందనుకున్నాడు. నిజానికి జరిగేది దానికి తలకిందులు.

నెట్టీ చాలా పురుగుల్ని పరీక్షించింది. అందులో ఒకటి టెనెబ్రియో. నిలవ పిండిలో చేరే నల్లటి పెంకుపురుగు. దీని పిల్లల్ని మన వంటింట్లో చూస్తే చీదరించుకుని పిండంతా పారబోస్తాం. ఆమె మాత్రం వాటిని తెచ్చి, బీజకణాలున్న భాగాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి క్రోమోజోముల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. అవి మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే ముక్కలు. ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వడ్లగింజలో రాయి ఏరినట్టు ఓపిగ్గా ఏరాలి.

ఆడపురుగు ఒంట్లోని కణాల్లో 20 క్రోమోజోములు, అన్నీ పెద్దవే. మగపురుగు కణాల్లోనూ 20. కానీ అందులో 19 పెద్దవి, ఒకటి మాత్రం బుల్లిది. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఈ ఇరవై సగం సగంగా విడిపోతాయి. అందువల్ల సగం వీర్యకణాల్లో 10 పెద్దవి ఉంటాయి. మిగతా సగంలో 9 పెద్దవి, ఒక బుల్లిది. అండాలన్నిటిలోనూ 10 పెద్దవే. అండాల మధ్య తేడా లేనే లేదు. పది పెద్దవి ఉన్న వీర్యకణం అండాన్ని కలిస్తే 20 పెద్దవి, అంటే ఆడపురుగు. బుల్లిది ఉన్న వీర్యకణం కలిస్తే మగపురుగు.

చిన్నపిల్లల కూడికలాంటి లెక్క. కానీ వేల ఏళ్ల ఊహలన్నీ ఈ లెక్క ముందు తేలిపోయాయి. 1905లో కార్నెగీ సంస్థ ఆమె పరిశోధనని అచ్చువేసింది. ఆ పెద్ద క్రోమోజోముకి ఎక్స్ అనీ, బుల్లిదానికి వై అనీ పేర్లు ఆ తర్వాతి ఏళ్లలో స్థిరపడ్డాయి.

పేరు ఎవరికి దక్కింది?

అదే ఏడు కొలంబియా యూనివర్సిటీలో ఎడ్మండ్ విల్సన్ కూడా వేరే పురుగుల మీద పనిచేసి దాదాపు ఇదే ఫలితానికి వచ్చాడు. ఇద్దరూ విడివిడిగా చేసిన పని. విల్సన్ తన వ్యాసంలో నెట్టీ ఫలితాల్ని ప్రస్తావించాడు కూడా. అయితే ఆయన అప్పటికే పేరున్న ప్రొఫెసరు. చుట్టూ శిష్యులు. ఆయన మొదట్లో కొంత వెనకాముందూ ఆడితే, క్రోమోజోములే తేలుస్తాయన్న మాట నెట్టీ ఎక్కువ నమ్మకంతో చెప్పింది. అయినా చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో విల్సన్ పేరే నిలిచింది. కొన్నిచోట్ల ఆ ఘనత మోర్గాన్‌కి కూడా కట్టబెట్టారు.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. ఆమెకి పాఠం చెప్పిన మోర్గాన్‌కే ఈ క్రోమోజోముల మాట మీద అప్పటికి నమ్మకం లేదు. 1910లో, కొలంబియాలోని తన ప్రయోగశాలలో, ఎర్రకళ్ల ఈగల మధ్య తెల్లకళ్ల మగ ఈగ ఒకటి కనిపించాకే ఆయన మనసు మారింది. ఆ తెల్లకన్ను ఎక్స్ క్రోమోజోముతోపాటే తరం నుంచి తరానికి నడుస్తోందని రుజువైంది. ఆ ఈగల పనికే 1933లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఈగ మనకి కొత్తదేం కాదు. అరటిపళ్లు బాగా మగ్గితే ఎక్కడినుంచో వచ్చి ముసురుకునే బుల్లి ఈగ. డ్రోసోఫిలా దాని శాస్త్రీయ నామం. మోర్గాన్ తెల్లకళ్ల ఈగకి రెండేళ్ల ముందే, 1908లో, నెట్టీ ఆ ఈగ జాతుల క్రోమోజోముల్ని పరీక్షించి వ్యాసం రాసింది. వాటిలోనూ జత కుదరని జంట ఉందని చూపించింది. ఈగల కణాల్లో జంట క్రోమోజోములు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయని కూడా అందులోనే గమనించింది.

బ్రిన్‌మార్‌లో ఆమె చివరి దాకా ప్రొఫెసరు కాలేదు. పేనుబంక పురుగు బీజకణాల మీద చేసిన పనికి 1905లో వెయ్యి డాలర్ల ఎలెన్ రిచర్డ్స్ బహుమతి వచ్చింది. అది ఆడవాళ్ల శాస్త్రపరిశోధనకి ప్రత్యేకంగా ఇచ్చే బహుమతి. 1908-09లో మళ్లీ బొవేరీ దగ్గరికి వెళ్లొచ్చింది. దశాబ్దం పైన కొద్దికాలంలో నలభైకి దగ్గరగా వ్యాసాలు అచ్చయ్యాయి. ఎట్టకేలకు కాలేజీ ఆమె కోసమే ఒక పరిశోధన ప్రొఫెసరు పదవిని సృష్టించింది. అప్పటికే రొమ్ము కేన్సరు ఆమెని పట్టుకుంది. ఆ కుర్చీలో కూర్చోకుండానే, 1912 మే 4న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కన్నుమూసింది. వెస్ట్‌ఫర్డ్‌లో సమాధి చేశారు.

ఆమె పోయాక మోర్గాన్ సంతాప వ్యాసం రాశాడు. ఓపికనీ, నిక్కచ్చితనాన్నీ మెచ్చుకున్నాడు. కానీ విశాలమైన ఊహ కొంచెం తక్కువన్నట్టు ఒక మాట కూడా చేర్చాడు. రాత్రింబవళ్లు ఇల్లంతా చక్కబెట్టిన కోడల్ని, పాపం పనిమంతురాలే, తెలివి మాత్రం అంతంతే అన్నట్టుంది. ఆ తెలివే ఆయనకన్నా అయిదేళ్లు ముందు నిజాన్ని పట్టుకుంది.

ఆ బుల్లి క్రోమోజోములో ఏముంది?

నెట్టీ వదిలివెళ్లిన ప్రశ్న ఒకటుంది. క్రోమోజోము తేడా వల్ల ఆడా మగా తేలుతుంది, సరే. ఆ చిన్న ముక్క శరీరం మొత్తాన్ని ఎలా మార్చేస్తుంది?

జవాబు మళ్లీ పళ్ల ఈగ దగ్గరే మొదలైంది. మోర్గాన్ శిష్యుడు కాల్విన్ బ్రిడ్జెస్ 1916లో ఒక వింత చూపించాడు. రెండు ఎక్స్‌లతోపాటు వై కూడా ఉన్న ఈగ ఆడదే అయింది. వై లేకుండా ఒకే ఎక్స్ ఉన్న ఈగ మగదయింది, కాకపోతే దానికి సంతానం కలగలేదు. అంటే ఈగలో లెక్కకొచ్చేది ఎక్స్‌లు ఎన్ని ఉన్నాయన్నదే. మనుషుల్లో అలా కాదని 1959లో తెలిసింది. రెండు ఎక్స్‌లు, ఒక వై ఉన్న మనిషి మగవాడు. ఒకే ఎక్స్ ఉన్న మనిషి స్త్రీ. మనలో వైదే మాట.

మన శరీరంలో దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. ఇల్లంతా కరెంటు తీగలు ఉన్నా ఏ గదిలో దీపం వెలగాలో స్విచ్చి వేసే చెయ్యి తేలుస్తుంది కదా! కణంలో ఆ చెయ్యి పని చేసే ప్రొటీన్లున్నాయి. వాటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో అనులేఖన కారకాలని రాస్తారు. ఇవి డి.ఎన్.ఏ. మీద తమకి సరిపడే చోటు వెతుక్కుని కూర్చుంటాయి. పక్కనున్న జన్యువుకి నకలు తీయమంటాయి, లేదా తీయకుండా ఆపుతాయి. నకలు తీస్తేనే దాని ప్రొటీను తయారవుతుంది. అదే జన్యువు పనిచేయడమంటే.

ఈగ గుడ్డులో రెండు ఎక్స్‌లు ఉంటే, ఎక్స్ మీది జన్యువుల నుంచి తయారయ్యే కొన్ని అనులేఖన కారకాలు రెండింతలు అవుతాయి. ఆ మోతాదు చాలితే సెక్స్-లీథల్ అనే జన్యువు వెలుగుతుంది. ఇదంతా గుడ్డు పెట్టిన తొలి గంటల్లోనే అయిపోతుంది. అక్కణ్ణించి ఒకదాని తర్వాత ఒకటిగా కబురు అందుతూ చివరికి డబుల్‌సెక్స్ అనే జన్యువుకి చేరుతుంది. డబుల్‌సెక్స్ కూడా అనులేఖన కారకాన్నే తయారుచేస్తుంది, కాని రెండు రూపాల్లో. ఆడ ఈగలో ఒక రూపం, మగ ఈగలో మరొకటి. రెండూ డి.ఎన్.ఏ. మీద ఒకే చోట కూర్చుంటాయి. గుడ్డులో పచ్చసొన ప్రొటీను జన్యువుల దగ్గర ఆడరూపం కూర్చుంటే అవి జోరుగా పనిచేస్తాయి. మగరూపం కూర్చుంటే అణిగిపోతాయి. పీట ఒకటే, కూర్చున్న మనిషిని బట్టి పని మారుతోంది.

మనుషుల్లో ఆ చెయ్యి ఎవరిదో 1990లో లండన్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. వై క్రోమోజోము మీద ఉన్న ఎస్.ఆర్.వై. అనే ఒక్క జన్యువు. దాని ప్రొటీను కూడా అనులేఖన కారకమే. పిండానికి ఆరేడు వారాలొచ్చేదాకా ఆడకీ మగకీ బీజకోశాల్లో తేడా కనిపించదు. అప్పుడు ఎస్.ఆర్.వై. ప్రొటీను డి.ఎన్.ఏ.ని పట్టుకుని వంచి, సాక్స్-9 అనే మరో జన్యువుని మేలుకొలుపుతుంది. అక్కణ్ణించి వృషణాలు తయారవుతాయి. ఎస్.ఆర్.వై. లేకపోతే వేరే జన్యువుల బృందం ముందుకొచ్చి అండాశయాన్ని తయారుచేస్తుంది. 1991లో ఆడ ఎలుక పిండంలోకి ఈ ఒక్క జన్యువుని పంపి చూస్తే అది మగ ఎలుకగా పెరిగింది. ఈగలోని డబుల్‌సెక్స్‌కి చుట్టమైన జన్యువు ఒకటి మనలోనూ ఉందనీ, అది వృషణాల పనిలోనే ఉందనీ తర్వాత తెలిసింది.

తప్పు లేని చోట

ఇంతా చదివి, అయితే తప్పు మగవాడిదన్నమాట అని ఎవరైనా అనుకుంటే నెట్టీ లెక్క సరిగా అర్థం కానట్టే. తండ్రిలో రెండు రకాల వీర్యకణాలూ సుమారుగా సగం సగం ఉంటాయి. ఏది ముందు అండాన్ని చేరుతుందన్నది ఆయన చేతిలోనూ లేదు. కోళ్లలో అయితే ఇది తలకిందులు, పిల్ల పుంజో పెట్టో పెట్ట పెట్టే గుడ్డుని బట్టే ఉంటుంది. అంతమాత్రాన పెట్టని ఎవరూ తప్పుపట్టరు. నెట్టీ చూపించింది నేరస్తుణ్ణి కాదు. అసలు నేరమే లేదని.

మన దేశంలో కడుపులోని బిడ్డ ఆడో మగో పరీక్షించి చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో పార్లమెంటు చట్టం చేసింది. 1996 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా కొడుకు కోసం కోడలికి మందులు తాగించే ఇళ్లు, కూతుళ్ల తల్లిని పుట్టింటికి పంపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ మందులు తాగాల్సిన పని లేదని చెప్పే రుజువు 1905 నుంచీ ఉంది. పదో తరగతి దాటిన పిల్లలు ఈ ఎక్స్, వై లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ లెక్కని పరీక్ష కాగితం మీద నుంచి వంటింట్లోకి, బామ్మగారి పడక్కుర్చీ దగ్గరికి తీసుకురావలసింది కూడా ఆ పిల్లలే, వాళ్ల తల్లులే.

1994లో అమెరికా జాతీయ మహిళా కీర్తి మందిరంలో నెట్టీ పేరు చేర్చారు. ఆమె టీచరు శిక్షణ పొందిన వెస్ట్‌ఫీల్డ్ పాఠశాల తర్వాతికాలంలో యూనివర్సిటీ అయింది. 2017లో అక్కడి కొత్త సైన్సు భవనానికి డాక్టర్ నెట్టీ మరియా స్టీవెన్స్ పేరు పెట్టారు. నాలుగేళ్ల చదువుని రెండేళ్లలో ముగించి, చాలీచాలని జీతానికి ఊళ్లు తిరిగిన టీచరమ్మ పేరు ఇప్పుడు ఆ గుమ్మం మీద ఉంది. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి దాని కిందనుంచే మైక్రోస్కోపుల దగ్గరికి వెళ్తున్నారు.